పన్నెండో ప్రశ్న

కాకుటూరు క్యాంపస్ లైబ్రరీలో
ఫ్యాన్లు కూడా నిద్రపోయే మధ్యాహ్నం
పరిశోధక విద్యార్థి మాల్యాద్రి
తలా నాలుగు పేజీలు పంచాడు.
పేరు రాయనక్కర్లేదు, నిజం రాస్తే చాలన్నాడు.
పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు, మళ్ళీ ఇచ్చెయ్యమని.

పదకొండు దాకా పరుగెత్తాను.
వయసు ఇరవై రెండు. ఎమ్మెస్సీ, రెండో ఏడు.
రోజుకెన్ని గంటలు ఫోన్లో ఉంటారు?
సిగ్గుపడి రెండు తగ్గించాను.

పన్నెండో ప్రశ్న:
ఆరోగ్యం గురించి నెట్‌లో చదివింది
నమ్మదగిందో కాదో ఎలా తేల్చుకుంటారు?
అ) రాసినవారి అర్హత చూసి
ఆ) తేదీ చూసి
ఇ) మరో చోట సరిపోల్చి
ఈ) ఇతరములు.
ఇతరముల పక్కన వేలెడు గీత.

వేలెడు గీత మీద
శ్రావణంలో ఒక రాత్రి పట్టదు.

దుప్పటి కింద వెలుతురు తగ్గించి
ఆనవాలు మిగలని కిటికీ ఒకటి తెరిచి
గడ్డ అని కొట్టాను.
దాని ముందు రాయాల్సిన మాట దగ్గర
బొటనవేలు ఆగిపోయింది.
నా ఫోనుకి నేనే సిగ్గుపడ్డాను.
ఛాతీ అని రాస్తే గుండెపోటు గురించి చెప్పింది.
చివరికి రొమ్ము అని రాశాను.

తెలుగులో అడిగితే
ఉమ్మెత్తాకు వెచ్చజేసి కట్టమంది,
ఐదు రోజుల్లో మాయమంది,
గంట గుర్తు నొక్కమంది.
ఇంగ్లీషులో అడిగితే
ఐదేళ్ళు బతికేది నూటికెందరో చెప్పింది.
ఒకటే గడ్డ.
ఒక భాషలో పెరట్లోనే కరిగిపోతుంది,
ఇంకో భాషలో నన్ను తినేస్తుంది.
రెండున్నరకి గూడూరు వైపు గూడ్సు పోతా ఉంటే
కిటికీ ఊచలు చానాసేపు వణికినాయి.

నిజం రాయమన్నావు కదా మాల్యాద్రీ,
ఆ రాత్రి నేను అర్హతా చూళ్ళేదు, తేదీ చూళ్ళేదు.
'ఏం కాదు' అన్న పేజీ దొరికేదాకా వెతికాను.
దొరికాక ఆపేశాను.
అదీ నా పరిశోధనా పద్ధతి.

పదకొండు రోజులు ఆ పేజీ తలకింద పెట్టుకుని పడుకున్నాను.

కామాక్షి కనిపెట్టింది. తుమ్మలపెంట పిల్ల,
వాళ్ళమ్మది కావలి మార్కెట్లో చేపల గంప.
ఫోను లాక్కుని చదివి,
"ఏంది మే ఇది,
మొప్ప ఎత్తి చూడకుండా చేప కొంటారా ఎవురైనా?"
వేలితో అడుగుకంటా లాగింది.
సీసా బొమ్మ. నలభై శాతం తగ్గింపు, ఈ రోజు వరకే.
"ఇదిగో, నల్లబడింది మొప్ప."
రాసినోళ్ళ పేరు ఉండాల్సిన చోట
నవ్వుతున్న ఆకు.
"కన్ను లోపలికి పొయ్యింది చూడు."
ఆ తర్వాత ఇంగ్లీషుది తీసింది.
డిక్షనరీ పక్కన పెట్టుకుని, టీ చల్లారేదాకా.
"ఇది తాజాదే మే.
కానీ అరవై ఏళ్ళోళ్ళ లెక్కలివి.
నీ వలలో పడింది ఈ చేప కాదు."

మంగళవారం ల్యాబు ఎగ్గొట్టి
నెల్లూరు పొగతోటకి పోయినాం.
పొగాకు ఎప్పుడు పండిందో తెలీదు,
వీధంతా స్కానింగు బోర్డులు.
చల్లటి జెల్లు. గోడమీద ఎవరిదో నవ్వే పసిబిడ్డ.
డాక్టరమ్మ రెండే అడిగింది:
నీకెన్నేళ్ళమ్మా?
ఎన్నాళ్ళనుంచి?
అన్ని రాత్రుల్లో ఫోను
ఒక్కసారీ నన్ను అడగని రెండు.

"భయపడేదిలా లేదు.
అయినా, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం."
అయినా అనే ఆ మాట
నేను తెరిచిన ఏ పేజీలోనూ లేదు.
తిరుగు బస్సులో కామాక్షి జామకాయ కొరికి సగమిచ్చింది.

మాల్యాద్రి వచ్చి నిలబడ్డాడు, పెన్ను కోసం.
ఈ) ఎదురుగా రాశాను:
మొప్ప ఎత్తి చూస్తాను.
కాస్త ఆగి,
ఇప్పుడు, అని చేర్చాను.

లెక్కల పట్టీలో దీన్ని
ఏ గడిలో వేసుకుంటాడో ఏమో.